ఇంటింటికీ తిరిగిన తట్ట

మదనపల్లెలో మా వీధిలో ఎవరైనా "ఈ పూట ఏం కూర?" అని అడిగితే మా ఇంట్లో అందరం ఒకే జవాబు చెప్పేవాళ్ళం. "ఏదో ఉడకేసినాం." పండగైనా అదే, పస్తైనా అదే. మాది పట్టుచీరలు నేసే ఇల్లు. మగ్గం మీద కొత్త అంచు ఎక్కిన రోజుల్లో వాకిట్లో చెప్పుల చప్పుడు వినపడితే చాలు, మా అమ్మ పాత దుప్పటి ఒకటి తెచ్చి మగ్గం మీద కప్పేసేది. పక్కింటివాళ్ళు చూసిపోతే వారం తిరక్కుండా అదే అంచు ఇంకో మగ్గం మీద కనబడుతుందని మా నాయన నమ్మకం. ఆ నమ్మకం ఉత్తదేం కాదు. మా నాయన పక్కిళ్ళకు పోయినప్పుడు ఆయన కండ్లు కూడా ఊరికే ఉండేవి కాదు.

డెబ్బైలలో అట్లాంటి ఇంట్లో పెరిగినదాన్ని. నవ్వుతూ పలకరించే మనిషి ఎదురైతే, వీళ్ళకు నాతో ఏం పని పడిందా అని ముందు ఆలోచిస్తాను. బస్సులో పక్కన కూర్చున్నావిడ "ఏ ఊరికి తల్లీ?" అంటే నోటికొచ్చిన ఊరు చెప్పేదాన్ని. ఒకసారి పలమనేరు పోతూ కలకడ అని చెప్పాను. ఈ బస్సు కలకడ పోదని, దిగి వేరే బస్సు ఎక్కమని ఆవిడ దారంతా నన్ను బతిమాలింది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. పాపం మంచిదే, కానీ ఆ సంగతి అప్పుడు నాకెట్లా తెలుస్తుంది?

ఎనభైల మొదట్లో నాకు ప్రభుత్వ ఉద్యోగం వచ్చింది. పట్టుపురుగులు పెంచే రైతుల ఇండ్లకు పోయి, పురుగులను చూసి, జబ్బేదైనా కనబడితే ఏం చెయ్యాలో చెప్పడం నా పని. ఆఫీసు పుంగనూరులో. మా పైఅధికారి ఆ ఊరి ముస్లిం కుటుంబం మనిషి. ఇంట్లో ఉర్దూ, ఆఫీసులో తెలుగు, విసుగొస్తే రెండూ కలిపి మాట్లాడేవాడు. చేరిన కొన్ని నెలలకే నన్ను పిలిచి కూర్చోబెట్టాడు.

"ఏమ్మా, నీకు పురుగుల సంగతి బాగా తెలుసు. మనుసుల సంగతే తెలీదు. రైతు నోరు తెరిస్తే నువ్వు పోలీసు మాదిరి సూస్తావు. వాళ్ళు బయపడి మూసుకుంటారు."

"వాళ్ళు నిజం సెప్పరు సార్."

"నువ్వు సెప్తావా?"

మరుసటి వారం నన్ను మదనపల్లెలో జరిగే శిక్షణకు పంపాడు. మనుషులతో ఎట్లా మాట్లాడాలో నేర్పే శిక్షణ అది. రకరకాల ఆఫీసులవాళ్ళం ఒక హాలులో కూర్చున్నాం. నేర్పడానికి వచ్చినాయన పట్నం మనిషి, మెడకు టై కట్టుకుని వచ్చాడు. మనిషిని చూడగానే నవ్వాలన్నాడు. వాళ్ళ దగ్గర ఉన్నదాన్ని దేన్నైనా మనసారా మెచ్చుకోవాలన్నాడు. పిల్లల గురించి, ఇంటి గురించి అడగాలన్నాడు. బడిపిల్లల మాదిరి అవన్నీ మాచేత గట్టిగా పలికించాడు. ఈయన చివర్లో మాకు ఏదో ఒకటి అమ్ముతాడని నేను కనిపెట్టుకుని కూర్చున్నాను. ఏమీ అమ్మకుండానే పోయాడు. అది ఇంకా అనుమానంగా అనిపించింది.

అయినా నేర్చుకున్న విద్య వదలడమెందుకని ఇంట్లో అద్దం ముందు నిలబడి నవ్వడం మొదలుపెట్టాను. మా అమ్మ వంటింట్లోంచి తొంగిచూసి "పన్ను నొప్పిగా ఉండాదా?" అని అడిగింది.

అప్పుడే కుప్పం వైపు పోయే మనిషి సెలవు పెట్టడంతో ఆ దగ్గర ఉన్న ఒక పల్లెను కూడా నాకే తగిలించారు. పుంగనూరు నుంచి పలమనేరు, అక్కడ బస్సు మారి కుప్పం, కుప్పం నుంచి కొంత నడక. ఆ పల్లెలో మాట్లాడేది తెలుగే అయినా సగం మాటలు అరవం లోంచో కన్నడం లోంచో వచ్చి కూర్చుంటాయి. ఒకే వీధి. ఇంటి వెనక గోడకు గోడ ఆనుకుని పెరళ్ళు. పురుగుల గది ప్రతి ఇంట్లోనూ ఉంది. పెంచేది ఆడవాళ్ళు.

నేను మొదట పోయింది ఒక అక్క ఇంటికి. నాకంటే కొంచెం పెద్దది, పురుగులు పెంచడంలో ఆ ఊర్లో అందరికంటే గట్టిదని పేరు. మొగుడు బెంగుళూరులో ఇండ్లు కట్టే పనిలో కూలి. అత్తగారింటి నుంచి వేరుపడి, చిన్న మల్బరీ తోట గుత్తకు తీసుకుని, ఇద్దరు పిల్లలతో ఉంటోంది. నన్ను నమ్మి లోపలికి తీసుకుపోయింది. గది చల్లగా, చీకటిగా ఉంది. వెదురు తట్టలు ఒకదాని మీద ఒకటి అమర్చి ఉన్నాయి. పురుగులు ఆకు కొరుకుతున్న చప్పుడు సన్నటి వాన పడుతున్నట్టు వినిపిస్తోంది.

"ఈ రెండు పంటలు నిలబడినాయంటే నేను ఈడనే ఉంటా మేడమ్మా" అందామె. "పోయినాయంటే పిల్లోళ్ళను తోలుకొని నేను గూడా బెంగుళూరుకు పోయి ఇసక మొయ్యాల. మా బావోళ్ళు దానికే కాసుకోని ఉండారు. తోట వాళ్ళు తీసుకుంటారు."

అప్పుడు నా నోటికి ఏం తెగులొచ్చిందో, అద్దం ముందు నేర్చుకున్న నవ్వు నవ్వి, "ఎంత బాగుండాయక్కా పురుగులు! వేలు లావు ఉండాయి. ఇన్ని తట్టలా! నీకు ఇద్దరే పిల్లోళ్ళా?" అని ఒక్క గుక్కలో అనేశాను.

ఆమె ముఖం మాడిపోయింది. మాకు తెలియనిదా ఇది? మా ఇంట్లో మగ్గానికి కూడా దిష్టి తీసేవాళ్ళం. పెరిగే పురుగును, పాలిచ్చే ఆవును, ఎదిగే బిడ్డను మెచ్చుకోకూడదని, లెక్కపెట్టకూడదని మా వైపు పుట్టిన ఎవరికైనా తెలుసు. కానీ ఆ హాలులో అన్నిసార్లు పలికించిన మాటలు, అలవాటుపడిన నోట్లోంచి వాటంతట అవే వచ్చేశాయి. ఆమె పక్కకు తిరిగి మూడుసార్లు ఉమ్మింది. నన్ను బయటికి నడిపించి తలుపు దగ్గరికి వేసింది. లోపల నిప్పుల మీద మిరపకాయలు వేసిన ఘాటు వాకిలి దాకా వచ్చింది. ఆ టై కట్టుకున్నాయన మీద నాకు ఒళ్ళు మండింది.

తరువాత పోయినప్పుడు ఊరు మారిపోయింది. ఎవరూ మొహం చిట్లించలేదు. అందరూ మర్యాదే. "రా మేడమ్మా, కూసో మేడమ్మా" అని తిన్నె మీద చాప వేసేవాళ్ళు. స్టీలు గ్లాసులో కాఫీ వచ్చేది. పురుగుల గదిలోకి మాత్రం పోనిచ్చేవాళ్ళు కాదు. "నువ్వు యాల లోపలికి రావడం, సీకటి. మేమే తెచ్చి సూపిస్తాం గదా" అని ఒక తట్ట తెచ్చి నా ముందు పెట్టేవాళ్ళు. తట్ట నిండా తెల్లగా, నిగనిగలాడుతూ, వంక పెట్టడానికి లేని పురుగులు. పక్కింట్లోనూ అంతే. ఆ పక్కింట్లోనూ అంతే.

నాకు ఇంత మర్యాద ఎప్పుడూ జరగలేదు. కాబట్టి ఇందులో ఏదో ఉందని మొదటి రోజే అనుకున్నాను.

ఒక్కో ఇంట్లో ఒక్కో వారం గుడ్లు తెచ్చుకున్నారు. మరి పురుగులన్నీ ఒకే వయసులో ఎట్లా ఉన్నాయి? పురుగు నాలుగుసార్లు తిండి మాని, కదలకుండా ఉండి, చర్మం విడుస్తుంది. రైతులు దాన్ని జొరం అంటారు. ఏ ఇంట్లో చూసినా నాలుగో జొరం దాటిన పురుగులే. కాఫీ కూడా ఒక్కో ఇంట్లో ఒక్కో రకంగా ఆలస్యం అవుతోంది. అంతకుముందు పోయిన ఇంటికి దూరమైతే ఎక్కువ, దగ్గరైతే తక్కువ. ఒకరోజు కాఫీ తాగుతూ తట్టను తేరిపార చూశాను. వెదురు అంచు ఒకచోట తెగితే నీలం రంగు చీర పీలికతో కట్టి ఉంది. ఆ పీలిక నేను అంతకుముందు పోయిన ఇంట్లో చూశాను. దానికంటే ముందు, మొదటి రోజు, ఆ అక్క ఇంటి గదిలో చూశాను.

తట్టను లోపలికి తీసుకుపోగానే గ్లాసు కింద పెట్టి, చేతులు కడుక్కుంటానని చెప్పి, ఎవరూ అడ్డుపడే లోపల పెరట్లోకి నడిచాను. గోడ మీదుగా రెండు గాజుల చేతులు తట్టను అందిస్తున్నాయి. అవతల నుంచి ఇంకో రెండు చేతులు అందుకుంటున్నాయి. నన్ను చూసి నాలుగు చేతులూ గాల్లోనే ఆగిపోయాయి. నేను చూడనట్టు చేతులు కడుక్కుని తిన్నె మీదికి వచ్చేశాను.

తమ పురుగుల మీద నా కన్ను పడకుండా, ముందే పడిన ఆ ఒక్క తట్టనే తిప్పి తిప్పి చూపిస్తూ ఊరంతా కలిసి నా చెవిలో పూలు పెడుతోంది. ఆ కోపం ఒకవైపు, అనుకున్నది నిజమైందన్న సంబరం ఇంకోవైపు. పుంగనూరు చేరేదాకా బస్సులో నాలో నేనే గొణుక్కున్నాను. పక్కన కూర్చున్నవాళ్ళు ఇంకో సీటు చూసుకున్నారు.

ఆఫీసులో సార్ అంతా విని కడుపు పట్టుకుని నవ్వాడు. "ఒగే తట్టా? ఊరంతటికీ ఒగే తట్టా? అరె, బలే మనుసులు." నవ్వుతూ నవ్వుతూ ఉన్నట్టుండి ఆగిపోయాడు.

"ఎండ యాడన్నా కనపడిందా ఆ పక్క?"

"లేదు సార్. వారంగా తుంపరే. సలి."

"ఆ ఊరికి అవతలి పల్లెలో సున్నంకట్టు వచ్చిందని నిన్న సెప్పినారు నాకు."

నా సంబరం కూడా పోయింది. సున్నంకట్టు అంటే పురుగు బిగుసుకుపోయి చచ్చి, ఆ తరువాత సుద్దముక్క మాదిరి తెల్లబడే రోగం. ఆ తెల్లటి పొడి రాలిన చోటల్లా అంటుకుంటుంది. చలి, తేమ ఉంటే దానికి పండగే. రోగం ఉన్న ఇంట్లో ఒక్క పూట పెట్టిన తట్ట ఇంకో ఇంటికి పోతే, రోగం కూడా దాంతోనే పోతుంది.

"యా ఇంట్లో ఒగ పురుగు పోయి ఉండినా సాలు" అన్నాడు సార్. "ఆ తట్ట దాన్ని ఎత్తుకోని ఊరంతా తిరుగుతాండాది. ఆకర్న ఎవురి తట్టో వాళ్ళింటికే సేరుతాది."

అంటే ఆ అక్క ఇంటికి. అందరికంటే బాగా పెంచినందుకు ఆమె తట్టనే అందరూ అడిగి తీసుకుపోతున్నారు.

"పోయి ఏం సెప్పాల సార్?"

"అది నాకూ తెలీదు. నేను పోతే యా తట్ట, యాడి తట్ట అంటారు. నువ్వు పోయి మీ దొంగతనం నాకు తెలుసు అన్నావో, మళ్ళా ఆ ఊర్లో ఒగ తలుపు గూడా తెరవరు. తలుపు తెరవకుంటే రోగం ఆగదు. రేపే పో."

మరుసటి రోజు కుప్పం పోయే బస్సులో ఎన్ని మాటలు కూర్చానో. మెత్తగా మొదలుపెట్టి చూశాను, గట్టిగా మొదలుపెట్టి చూశాను. ఎట్లా మొదలుపెట్టినా చివరికి అది వాళ్ళను పట్టుకున్న మాటగానే తేలుతోంది. గుట్టు బయటపడిన మనిషి ఏం చేస్తాడో నాకు తెలుసు. ఇంకో దుప్పటి తెచ్చి కప్పుతాడు.

ఆ అక్క ఇంటి తలుపు మూసి ఉంది. పిలిస్తే బయటికి వచ్చి, తలుపు మళ్ళీ దగ్గరికి వేసి, దాని మీదే ఆనుకుని నిలబడింది. కండ్లు ఎర్రగా ఉన్నాయి. గడప కింద కొత్తగా చల్లిన సున్నం పొడి. నాకు అనుమానం కాదు, భయం పుట్టింది.

"పురుగులు ఎట్లుండాయక్కా?"

"ఏదో ఉండాయి."

నేను తిన్నె మీద కూలబడ్డాను. 'ఏదో' అన్న మాట వెనక ఏముంటుందో నాకు తెలిసినంతగా ఆ హాలులో మాట్లాడినాయనకు ఏం తెలుస్తుంది? ఆ మాట మీద పెరిగిన మనిషిని నేను. మా ఇంట్లో ఆ మాట ఎవరు ఎట్లా అడిగితే తెరుచుకుని ఉండేదని ఆలోచించాను. ఎవరు ఎంత మంచిగా అడిగినా తెరుచుకునేది కాదు. నవ్వితే ఇంకా గట్టిగా మూసుకునేది. ఒకవేళ వచ్చిన మనిషే ముందుగా తన ఇంటి గుట్టు తెచ్చి మా చేతిలో పెట్టి ఉంటే? అట్లా ఎవరూ పెట్టలేదు కాబట్టి ఏమయ్యేదో నాకు తెలియదు.

"అక్కా, మా నాయనకు కండ్లు సరిగ్గా కనపడవు" అన్నాను.

ఆమె నా వైపు చూసింది.

"మగ్గం నేస్తాడు. ఎరుపుకూ వంగపండు రంగుకూ ఆయనకు తేడా తెలీదు. మా యమ్మ పక్కన కూసోని దారం తీసిస్తాది. పని ఇచ్చేటోళ్ళకు ఈ సంగతి తెలిస్తే మా మగ్గం ఆగిపోతాది. ఏండ్ల నుంచి ఎవురికీ సెప్పలా. మా అక్క అత్తగారింట్లో గూడా సెప్పలా."

ఎందుకు చెప్పానా అని ఆ క్షణంలోనే అనుకున్నాను. మదనపల్లె మగ్గాలకు పట్టు ఈ వైపు నుంచే పోతుంది. మాట పోవడానికి ఎంతసేపు? మా ఇంటి అన్నం గిన్నె తీసుకొచ్చి ఈమె చేతిలో పెట్టేశాను.

ఆమె తలుపును ఇంకా గట్టిగా ఆనుకుంది. "నేను ఎవురికైనా సెప్తానని బయం లేదా నీకు?" అని అడిగింది.

"ఉండాది."

ఆమె తలుపు తోసింది.

గదిలో కింది తట్టలో పురుగులు పుల్లల మాదిరి బిగుసుకుని ఉన్నాయి. రెండో మూడో అప్పుడే తెల్లబడుతున్నాయి. మిగతా తట్టల్లో ఇంకా కదులుతున్నాయి, ఆకు తింటున్నాయి. మొన్న పొద్దున చూసిందట. చచ్చినవాటిని ఏరి పెంటలో పడేసి, సున్నం చల్లి, ఎవరికీ చెప్పకుండా కూర్చుంది. నీలం పీలిక కట్టిన తట్ట గదిలో లేదు.

"ఆ తట్ట యాడుండాది?"

ఆమె పక్కింటి వైపు చూసింది.

"రోగం సూసినాక గూడా నిన్న తట్ట ఇచ్చినావా అక్కా? యాల ఇచ్చినావు?"

"ఇయ్యనంటే తెలిసిపోతాది గదా" అంది.

దీనికి నేను ఆమెను ఏమనాలి? ఇవ్వనంటే ఎందుకు ఇవ్వవని అడుగుతారు. అడిగితే గదిలో ఏముందో తెలుస్తుంది. తెలియకుండా ఉండాలంటే రోగాన్ని చేతులారా గోడ దాటించాలి. మా నాయన ఆమె స్థానంలో ఉంటే ఆయనా ఇచ్చేవాడు. నేనూ ఇచ్చేదాన్ని.

"అందురికీ సెప్పాల అక్కా. ఈ రోజే. తెల్లబడకముందే ఏరి కాల్చేస్తే సగం పైన మిగుల్తాయి. రేపటికి ఎవురికీ ఏం మిగలదు."

"నా ఇంట్లోనుంచి వచ్చిందని తెలిస్తే నన్ను ఉండనిస్తారా మేడమ్మా? మా బావోళ్ళు ఈ పొద్దే వచ్చి గిన్నెలు బయట పెడ్తారు." ఆమె ఏడవలేదు. పిల్లల బట్టలు దండెం మీద ఉంటే వాటి వైపు చూసింది.

నేను వీధిలోకి వచ్చాను. ఎదురింటి ఆడమనిషి, ఆ పక్కావిడ, ఇంకా ఇద్దరు ముగ్గురు అప్పటికే వాకిళ్ళలో నిలబడి మమ్మల్నే చూస్తున్నారు. ఆ అక్క ఇంట్లోకి నేను పోయి రావడం వాళ్ళు చూశారు. ఇంకొంచెం ఆగితే వాళ్ళే ఊహించుకుంటారు. అందరూ అనుమానంగా చూస్తున్న మనిషి ఆ వీధిలో ఒక్కతే ఉంది. అది నేను. మొదటి రోజు నుంచీ నా కన్ను మంచిది కాదని వాళ్ళకు తెలుసు.

"అమ్మా, అందురూ ఇట్ల రాండి" అని పిలిచాను. "నా వల్ల తప్పు జరిగింది. అవతలి పల్లెలో సున్నంకట్టు వచ్చిన ఇంట్లో పురుగులు పట్టుకున్నా. సేతులు సరిగ్గా కడక్కుండా వచ్చి మీ తట్టల్లో ఏలు పెట్టినా. రోగం నా సేతి మీదనే మీ ఊర్లోకి వచ్చింది. ఈ అక్క గదిలో ఇప్పుడే సూసినా. మీ గదుల్లో గూడా ఉంటాది. ఇప్పుడే సూడాల."

అవతలి పల్లె గడప నేను తొక్కనే లేదు. అయినా మనుషులు ఒక మాటను అంత తొందరగా నమ్మడం నేను ఎప్పుడూ చూడలేదు. అది వాళ్ళకు ఎంత తేలికైన మాటో! తట్ట గురించి ఎవరూ ఎత్తలేదు. ఎవరింట్లో చచ్చిన పురుగును ఎవరు దాచారో ఎవరూ చెప్పనక్కర్లేదు. "ఆ పొద్దే అనుకుంటిమి" అందొకావిడ. "ఆయమ్మ నోరు తెరిసి బాగుండాయన్నప్పుడే అనుకుంటిమి." తిట్లు మొదలయ్యాయి. తిడుతూనే తలుపులు తెరిచారు. తిడుతూనే నన్ను గదుల్లోకి పిలిచి చూపించారు. మూడిండ్లలో బిగుసుకున్న పురుగులు ఉన్నాయి, అందులో ఒకటి నాకు మొదట కాఫీ ఇచ్చిన ఇల్లు.

సాయంత్రం దాకా వీధంతా అదే పని. బిగుసుకున్నవాటిని ఆకుతో పట్టి ఏరి సున్నంలో వేయడం, కాల్చడం, తట్టలు మందునీళ్ళతో కడగడం, గదుల్లో సున్నం చల్లడం. ఎవరి తట్టలు వాళ్ళ ఇండ్లలోనే ఉండాలని, ఒకరి తట్ట ఒకరు ముట్టుకుంటే ఈ రోగం పోదని నేను ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. ఎందుకని ఎవరూ అడగలేదు. నీలం పీలిక తట్ట ఎవరో తెచ్చి ఆ అక్క వాకిట్లో పెట్టిపోయారు. దాన్ని నేనే మంటలో వేశాను.

అందరికంటే గట్టిగా నన్ను తిట్టింది ఆ అక్కే. బావగారి ఇంటివాళ్ళు వచ్చి వీధిలో నిలబడినప్పుడు, కాలుతున్న తట్ట పక్కన నిలబడి, నా మొహం మీద వేలు పెట్టి, "నీ సెయ్యి ఇరిగిపోను, మా పిల్లోళ్ళ నోట్లో మన్ను కొడ్తివి గదే" అంది. ఆ 'గదే' నాకు చెంప మీద తగిలింది. నాటకం ఆడుతోందని నాకు తెలుసు. ఆడమని నేనే దారి చూపించాను. అయినా అంత బాగా ఆడాల్సిన పని లేదని అనిపించింది. తల వంచుకుని బస్సుకు నడిచాను.

పంట నిలబడింది. రోగం తగిలిన ఇండ్లలో కొన్ని తట్టలు పోయాయి, ఆ అక్కకు ఎక్కువ పోయాయి. మిగిలిన పురుగులు గూళ్ళు కట్టాయి. బెంగుళూరుకు ఆమె పోలేదని విన్నాను. ఊరి పెద్దమనిషి ఒకాయన పుంగనూరుకు వచ్చి, ఆ మేడమ్మను మా ఊరికి పంపించొద్దని సార్‌తో చెప్పిపోయాడు. నన్ను బైరెడ్డిపల్లె వైపు మార్చారు.

"నిజంగా నీ సేతి మీదనే పోయిందా రోగం?" అని సార్ అడిగాడు.

"ఏదో పోయింది సార్."

ఆయన వద్దన్నట్టు చెయ్యి ఊపి, "నక్కో. నాకు సెప్పొద్దు" అన్నాడు. ఆ తరువాత నన్ను మాట్లాడే శిక్షణలకు ఎక్కడికీ పంపలేదు.

మా నాయన కండ్ల మాట మదనపల్లె దాకా వస్తుందని చాలాకాలం ఎదురుచూశాను. పని ఇచ్చే ఆయన మా వాకిట్లోకి వచ్చిన ప్రతిసారీ ఆయన మొహంలో ఏదైనా మారిందా అని వెతికేదాన్ని. ఏమీ మారలేదు. ఆ ఏడంతా ఆ మాట బయటికి రాలేదు, ఆ తరువాత మా నాయన తనంతట తాను మగ్గం దిగేదాకా కూడా రాలేదు. అంటే ఆమె చెప్పలేదు. నన్ను వీధిలో నిలబెట్టి అన్ని మాటలన్న మనిషి, ఆ ఒక్క మాట కడుపులో పెట్టుకుంది. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు ధైర్యంగా ఉండేది. ఆ తిట్లన్నీ నటనే అని గట్టిగా నమ్మాను. నేను ఒక మనిషిని నమ్మడం అది మొదటిసారి.

మరుసటి ఏడు ఆఫీసు పని మీద సార్‌తో కలిసి కుప్పంలో గూళ్ళు అమ్మేచోటికి పోయాను. గంపలు వరసగా పెట్టి ఉన్నాయి. ఆ వరసలో ఆమె కనబడింది. గంప నిండా పసుప్పచ్చటి గూళ్ళు. ఒళ్ళు కొంచెం తేరుకుంది, చెవులకు కొత్త కమ్మలు. సంతోషంతో నా కాళ్ళు వాటంతటవే అటు నడిచాయి. మెచ్చుకోకూడదని, లెక్కపెట్టకూడదని, ఊరికే "అక్కా" అని మాత్రం అనాలని దారిలోనే జాగ్రత్తపడ్డాను.

ఆమె నన్ను చూసింది. చూసి, తూకం వేసే ఆయన వైపు తిరిగింది.

"అన్నా, ఆయమ్మ బయటికి పోయినాక తూకం ఎయ్యి. ఆయమ్మ కన్ను మంచిది కాదు. పోయినేడు పంట అట్లనే పోయింది మాకు."

గట్టిగా అనలేదు. మామూలుగా, ఉన్నమాట చెప్పినట్టు అంది. ఆ పల్లెవాళ్ళు ఎవరైనా పక్కన ఉన్నారేమో, వాళ్ళు వినాలని అంటోందేమో అని నాలుగువైపులా చూశాను. ప్రతి గంప దగ్గరా ప్రతి మొహం చూశాను. ఆ ఊరి మనిషి ఒక్కరు కూడా లేరు. బావగారి ఇంటివాళ్ళు లేరు. ఆమె, తూకం ఆయన, నేను.

కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది. అక్కా, ఆ మాట నీకు ఇచ్చింది నేనే గదా అని గొంతు దాకా వచ్చింది. తూకం ఆయన కాటా పట్టుకుని నా వైపే చూస్తున్నాడు. ఆమె గంప అంచు మీద చెయ్యి పెట్టుకుని, నేను ఎప్పుడు పోతానా అని నేల చూస్తూ నిలబడింది.

నేను బయటికి వచ్చి గేటు దగ్గర నిలబడ్డాను. ఆమె గూళ్ళ తూకం అయ్యేదాకా లోపలికి పోలేదు.